బీటీ విషం ఎప్పుడు తయారైతది? స్పోర్ల లెక్క ఒక్కటే చూస్తె సరిపోతదా?

పరకాల_ట్యాంకు · సోమవారం రాత్రి 8:40

అందరికి నమస్తే. మాది 50 లీటర్ల ట్యాంకు. ఆముదం, కంది చేన్లకు చల్లుకునే బీటీ ద్రవం (బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే పురుగును చంపే బ్యాక్టీరియాది), కుర్‌స్టాకి రకం, మా రైతు సంఘం వరకే చేసుకుంటం. బయట అమ్మం. లీటరుకు సోయా పిండి 20 గ్రాములు, బెల్లం 10 గ్రాములు, డైపొటాషియం ఫాస్ఫేట్ 1 గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ 0.3 గ్రాము, కాల్షియం కార్బొనేట్ 1 గ్రాము. 121 డిగ్రీల కాడ 30 నిమిషాలు ఉడకబెట్టి, 30 డిగ్రీలకు చల్లార్చి, 5 శాతం సీడ్ (ముందే పెంచిన బ్యాక్టీరియా తోడు) వేసి గాలి కొడుతం. 40 గంటలకు దింపుతం.

జనవరి బ్యాచ్ చల్లినంక ఆముదం ఆకు తినే దాసరి పురుగు తెల్లారే తినుడు బందు పెట్టింది, మూడో రోజు నల్లగై ఆకుకు వేలాడింది. జూన్, జూలైల చేసిన మూడు బ్యాచ్‌లు చల్లితె పురుగు మంచిగ తినుకుంట తిరుగుతున్నది. స్పోర్ల (వేడికి తట్టుకునే బ్యాక్టీరియా గింజల) లెక్క మాత్రం మూడింటికి మిల్లీలీటరుకు 100 కోట్లకు తగ్గలే. 80 డిగ్రీల కాడ 10 నిమిషాలు వేడి చేసి, ప్లేట్లు వేసి లెక్కపెట్టిన.

ఒకాయన 24 గంటలకే దింపు, కరెంటు మిగులుతది అంటడు. ఇంకొకాయన 60 దాకా ఆగమంటడు. అసలు బ్యాక్టీరియా ఆ విషం జీన్‌ను ఎప్పుడు తెరుస్తది? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

సిగ్మా_సార్ · సోమవారం రాత్రి 9:25

మీ ప్రశ్నకు చాలా స్పష్టమైన జవాబు ఉంది. కుర్‌స్టాకిలోని క్రై1 జీన్లు, అంటే మీరడిగిన విషం జీన్లు, పెరుగుదల దశలో మూసి ఉంటాయి. ఆహారం తగ్గగానే స్పోజీరోఏ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ చేరుతుంది, స్పోర్ కట్టే పని మొదలవుతుంది. కణం ఒక పక్కన అడ్డుగోడ కట్టి రెండు గదులవుతుంది. చిన్న గది స్పోర్ అవుతుంది, పెద్దది తల్లి కణం. ఆ తల్లి కణంలోనే ముందు సిగ్మా-ఈ, తర్వాత సిగ్మా-కే అనే, జీన్లను చదివించే ప్రోటీన్లు మేల్కొంటాయి. క్రై1ఏ జీన్ ముందు ఒకదానిపై ఒకటి పడి రెండు ప్రమోటర్లు, అంటే జీన్ చదవడం మొదలయ్యే చోట్లు, ఉన్నాయి. మొదటిదాన్ని సిగ్మా-ఈ చదివిస్తుంది, స్పోర్ పని మొదలైన రెండో గంట నుంచి ఆరో గంట దాకా. రెండోదాన్ని సిగ్మా-కే, దాదాపు ఐదో గంట నుంచి. ఒకటి ఆగకముందే ఇంకొకటి అందుకుంటుంది కాబట్టి ఉత్పత్తికి మధ్యలో విరామం లేదు. పైగా ఆ ఎంఆర్‌ఎన్‌ఏ (జీన్ నకలు) అర్ధాయువు సుమారు 10 నిమిషాలు, బ్యాక్టీరియాలో అది చాలా ఎక్కువ. అందుకే కణం ఎండు బరువులో 20 నుంచి 30 శాతం ఆ విషం ప్రోటీన్ గడ్డకట్టిన స్ఫటికమే (క్రిస్టల్) అవుతుంది.

కాబట్టి 24 గంటలకు దింపితే సగం కణాల్లో పని పూర్తి కాదు. స్పోర్, స్ఫటికం రెండూ ఒకే తల్లి కణంలో, ఒకే సంకేతంతో తయారవుతాయి. మీకు 100 కోట్ల స్పోర్లు ఉన్నాయంటే స్ఫటికాలూ ఉన్నట్టే. తప్పు ట్యాంకులో కాదు, చల్లడంలో వెతకండి. ఎండలో చల్లారా? నీళ్ల పీహెచ్ ఎంత? బోర్డో మిశ్రమం పట్టిన డ్రమ్ములో కలిపారా?

ప్లాస్మిడ్_అక్క · సోమవారం రాత్రి 10:02

సార్ చెప్పిన సిగ్మా కథంతా సరైనదే. «100 కోట్ల స్పోర్లు ఉన్నాయంటే స్ఫటికాలూ ఉన్నట్టే» అన్న ఒక్క వాక్యం తప్పు, ఈ రైతులకు నష్టం చేసేదీ అదే. స్పోర్ కట్టే జీన్లు క్రోమోజోమ్ మీద ఉన్నాయి. విషం జీన్లు ప్లాస్మిడ్ల మీద, అంటే క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే డీఎన్‌ఏ చుట్టల మీద ఉన్నాయి. ప్లాస్మిడ్ పోయిన కణం కూడా అదే సిగ్మా-ఈ, అదే సిగ్మా-కే వాడుకొని చక్కటి స్పోర్ కడుతుంది. సంకేతం వచ్చింది, చదవడానికి జీన్ లేదు. ప్లేటు మీద ఆ కాలనీకీ అసలు దానికీ తేడా కనిపించదు.

పరకాల అన్నా, మీ సీడ్ ఎక్కడిది? జనవరి నుంచి జూన్ మధ్య ఎన్నిసార్లు మార్చి పెంచారు? ఏ వేడిలో?

బయో_బిట్ · సోమవారం రాత్రి 10:10

ఇంత పెద్ద చర్చ ఎందుకు? బ్యాక్టీరియాకు ఆకలైతే విషం చేస్తుంది. ఏ బ్యాక్టీరియాకైనా ఇదే సూత్రం.

ఫెర్మెంటర్_అన్న · సోమవారం రాత్రి 10:31

ముందుగాల బెల్లం సంగతి చూడుండ్రి. చక్కెర ఎక్కువుంటె స్పోర్ పని ఎనకకు పోతది, ఆకలి సిగ్నల్ అందది. పైంగ ఎసిటిక్ ఆమ్లం వచ్చి పీహెచ్ 5.5 దాకా దిగుతది. 10 గ్రాములు దాటొద్దు. నిజంగ 10 గ్రాములే ఏస్తున్నరా?

గాలి ఇంకో మాట. ఎనిమిదో గంట నుంచి పద్నాలుగో గంట దాకా ఆక్సిజన్ మస్తు గుంజుతది. కరిగిన ఆక్సిజన్ 20 శాతానికి కింద పడితె స్పోర్లు తగ్గుతయి, క్రిస్టల్ చిన్నగైతది. సోయా నురుగు పొంగుతదని గాలి తగ్గిస్తరు సూడుండ్రి, గదే పెద్ద తప్పు. గాలి తగ్గించకుండ్రి, ఉడకబెట్టిన నూనె చుక్కలు ఎయ్యుండ్రి. మాంగనీస్ మీ లిస్టుల లేనే లేదు. లీటరుకు 20 మిల్లీగ్రాముల మాంగనీస్ సల్ఫేట్ ఎయ్యాలె, అది లేకుంటె స్పోర్ సక్కగ కట్టది.

టైం అడిగిన్రు గదా. గడియారం చూసి దింపొద్దు. పీహెచ్ ముందు పడి, మల్ల 7 దాటి 8 దిక్కు లేస్తది. అప్పటి నుంచి మూడు గంటలకొకసారి స్లైడు చూడాలె. పదిల ఎనిమిది తొమ్మిది తల్లి కణాలు పగిలి, స్పోరు, క్రిస్టలు విడివిడిగ తేలుతుంటె అప్పుడు దింపాలె. 30 డిగ్రీల కాడ అది 36 నుంచి 48 గంటల మధ్యల వస్తది.

ప్లాస్మిడ్_అక్క · సోమవారం రాత్రి 10:48

అన్నా, మాంగనీస్, గాలి, పీహెచ్ అన్నీ ఒప్పుకుంటాను. కానీ బెల్లమే కారణమైతే స్పోర్లు తగ్గాలి కదా! ఇక్కడ స్పోర్లు నిండుగా ఉన్నాయి, విషమే లేదు. మీరు చెప్పినవన్నీ రెండింటినీ కలిపి తగ్గించే కారణాలు. ఒకదాన్ని ఉంచి ఒకదాన్నే తీసేసే కారణం వెతకాలి.

బయో_బిట్ తమ్మీ, ఆకలి సూత్రం అన్నింటికీ పనిచేయదు. డిఫ్తీరియా, అదే మన కంఠసర్పి క్రిమి, చూసేది ఇనుమును. ఇనుము ఉన్నంతసేపు డీటీఎక్స్‌ఆర్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకొని విషం జీన్ మీద కూర్చుంటుంది. ఇనుము తగ్గితే లేస్తుంది. వింత ఏంటంటే ఆ విషం జీన్ ఆ క్రిమి సొంతం కాదు, దానిలో దాక్కున్న ఫేజ్ వైరస్‌ది. ఫ్రీమన్ 1951లో చూపించిన విషయం ఇది. జీన్ వైరస్‌ది, తాళం బ్యాక్టీరియాది.

కలరా ఇంకోలా ఉంటుంది. శంభునాథ్ డే 1959లో కలకత్తాలో ఆ విషాన్ని చూపించారు. టాక్స్‌ఆర్, టీసీపీపీ అనే ప్రోటీన్లు కలిసి టాక్స్‌టీ అనే ఇంకో ప్రోటీన్‌ను లేపుతాయి, టాక్స్‌టీ విషం జీన్‌ను తెరుస్తుంది. కణాలు కిక్కిరిసిపోయాక హ్యాప్‌ఆర్ వచ్చి ఆ వరుసను మొదట్లోనే ఆపుతుంది. అంటే మంది ఎక్కువైతే విషం తగ్గుతుంది. లెక్క వేరు, విషం వేరు అనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

గొర్ల_డాక్టర్ · మంగళవారం ఉదయం 6:50

దొమ్మ రోగం (ఆంత్రాక్స్) క్రిమి బీటీకి దగ్గరి చుట్టమే. దాని విషం జీన్లు కూడా ప్లాస్మిడ్ మీదనే ఉంటయి. అది చూసేది ఒంటి వేడి, బైకార్బొనేట్. ఆకలి కాదు. టీకాకు వాడే స్టెర్న్ రకంల విషం ప్లాస్మిడ్ ఉంటది, పైపొర ప్లాస్మిడ్ ఉండది. అయినా స్పోర్ మంచిగనే కడ్తది. గొర్లల చిటుకు రోగం విషం జీన్ సుత ప్లాస్మిడ్ మీదిదే.

సిగ్మా_సార్ · మంగళవారం ఉదయం 8:15

అడిగింది కలరా గురించీ కాదు, కంఠసర్పి గురించీ కాదు. కుర్‌స్టాకి గురించి. అందులో స్పోర్ పని లేకుండా క్రై1 రాదు. సిగ్మా-ఈ తీసేసిన మ్యుటెంట్‌లో స్ఫటికమే రాలేదు. ఇది కాదనగలరా?

ప్లాస్మిడ్_అక్క · మంగళవారం ఉదయం 8:40

నేను కాదనలేదు! స్పోర్ పని లేకుండా క్రై1 రాదు. నిజం. కానీ స్పోర్ ఉంటే క్రై1 ఉండాలని దాని అర్థం కాదు. వాన లేకుండా వరద రాదు. వాన పడిన ప్రతిసారీ వరద వస్తుందా?

మీరు మ్యుటెంట్ మాట ఎత్తారు కాబట్టి పూర్తిగా చెప్పండి. సిగ్మా-కే లేని మ్యుటెంట్‌లో స్పోర్ పండదు, కానీ సిగ్మా-ఈ చదివించినంత మేరకు స్ఫటికం వస్తుంది. 80 డిగ్రీల వేడి పెట్టి ప్లేటు వేస్తే లెక్క సున్నా, ఆకు మీద పెడితే పురుగు చస్తుంది. పెంకు పురుగుల మీద పనిచేసే క్రై3ఏ అయితే స్పోర్ సిగ్మాల కోసం ఆగదు. స్పోజీరోఏ తీసేస్తే తగ్గడం పోయి ఇంకా ఎక్కువ తయారవుతుంది. హెచ్‌డీ-1 అనే కుర్‌స్టాకి రకంలోనే క్రై2ఏబీ జీన్ ఉంది, దాని ముందు పనిచేసే ప్రమోటర్ లేక మూగగా పడి ఉంది. జీన్ ఉండడం, తెరవడం, స్పోర్ కట్టడం మూడు వేర్వేరు విషయాలు.

నర్సంపేట_పత్తి · మంగళవారం ఉదయం 9:05

గట్లయితె బీటీ పత్తిల సుత గిదే కారణమా? దసరా దాటితె గులాబి రంగు పురుగు ఆగుతలేదు.

దాసరిపురుగు · మంగళవారం ఉదయం 9:30

కాదన్నా. పత్తి చెట్టులో బ్యాక్టీరియా లేదు, స్పోర్ లేదు, సిగ్మా లేదు. జీన్ ఒక్కటే తీసి, కాలీఫ్లవర్ వైరస్ నుంచి తెచ్చిన 35ఎస్ ప్రమోటర్ తగిలించారు. అది చెట్టంతటా, అన్ని రోజులూ తెరిచే ఉంటుంది. పైన అక్క చెప్పిన మూగ క్రై2ఏబీ జీనే 2006లో వచ్చిన రెండో తరం బీటీ పత్తిలో కొత్త ప్రమోటర్‌తో మాట్లాడుతోంది. చెట్టు ముదిరినకొద్దీ క్రై1ఏసీ మోతాదు తగ్గేది చెట్టు వయసు వల్ల. గులాబి పురుగు ఆగకపోవడానికి దానికి తోడు పురుగే తట్టుకోవడం నేర్చింది. ఇది వేరే చర్చ, ఇక్కడ కలపొద్దు.

ఫెర్మెంటర్_అన్న · మంగళవారం ఉదయం 10:12

అక్కా, సోయా పిండి సంగతి మరిచిన్రు. అందుల బాసిల్లస్ సబ్‌టిలిస్, బాసిల్లస్ సీరియస్ అనే పరాయి బ్యాక్టీరియాల స్పోర్లు పుట్టెడు ఉంటయి. పిండి ఉండ కడితె 121 డిగ్రీల కాడ సుత నడుమల వేడి పోదు. 80 డిగ్రీల పరీక్షల అవి సుత బతుకుతయి, లెక్కల కలుస్తయి. ముందురోజు నానబెట్టి, మిక్సీ పట్టి, గుడ్డల వడగట్టి ఎయ్యాలె. ప్లేటు లెక్క ఎక్కువ రానీకి ఇది సుత ఒక కారణం.

సిగ్మా_సార్ · మంగళవారం మధ్యాహ్నం 1:20

అక్కయ్య గారూ, ల్యాబుల్లో కట్టించిన మ్యుటెంట్లు పరకాల ట్యాంకులో ఉండవు. క్రై3ఏ ఇక్కడ ఎవరూ పెంచడం లేదు. మీరు ప్లాస్మిడ్ పోయిందని ఊహిస్తున్నారు. పోయిన కణాలు ఎందుకు పెరిగిపోతాయి? విషం చేసే భారం తప్పిందని అంటారేమో. విషం జీన్ పెరుగుదల దశలో మూసి ఉంటుందని మొదటి రోజే చెప్పాను. మూసి ఉన్న జీన్‌కు భారం ఎక్కడిది?

ప్లాస్మిడ్_అక్క · మంగళవారం మధ్యాహ్నం 2:05

ఇది మంచి ప్రశ్న, సూటిగా జవాబు ఇస్తాను. భారం విషానిది కాదు. పోటీలో గెలిచి పెరగాల్సిన అవసరమూ లేదు. 42 డిగ్రీల ప్రాంతంలో కణం విభజన పొందుతూనే ఉంటుంది, ప్లాస్మిడ్ కాపీ కావడం మాత్రం వెనకబడుతుంది. ల్యాబులో బీటీ నుంచి ప్లాస్మిడ్ పోగొట్టాలంటే చేసే పనే ఇది, 42 డిగ్రీల వద్ద మళ్లీ మళ్లీ మార్చి పెంచుతారు. వరంగల్‌లో మే నెల షెడ్డు వేడి ఎంతుంటుందో మీకు నేను చెప్పాలా?

అన్ని ప్లాస్మిడ్లూ ఒకేసారి పోవు కూడా. హెచ్‌డీ-1లో క్రై1ఏబీ చిన్న ప్లాస్మిడ్ మీద ఉంది, అది తొందరగా రాలుతుంది. మిగతావి పెద్దదాని మీద ఉన్నాయి. చిన్నది పోయినా స్లైడు మీద క్రిస్టల్ కనిపిస్తుంది, పురుగు మీద బలం మారిపోతుంది. అందుకే ప్లేటు చాలదు, స్లైడు కూడా పూర్తిగా చాలదు అంటున్నాను.

పరకాల_ట్యాంకు · మంగళవారం సాయంత్రం 6:30

అక్క అడిగినదానికి చెప్తున్న. అసలు స్లాంట్ (వాలుగ పోసిన అగర్ మీద బ్యాక్టీరియా పెంచిన గొట్టం) జనవరిల తెచ్చినం, అది ఫ్రిజ్‌ల ఉన్నది. మార్చి నుంచి వారం వారం పాత దాని నుంచి కొత్త స్లాంట్ గీస్తున్నం. ఇంక్యుబేటర్ లేదు, రేకుల షెడ్లనే పెట్టినం. ఏప్రిల్, మేల షెడ్డు లోపల థర్మామీటరు 43, 44 చూపెట్టింది. సోయా పిండి పొడిగనే పోస్తున్నం. చల్లింది సాయంత్రం 5 దాటినంకనే, బావి నీళ్ల పీహెచ్ 7.4. బోర్డో డ్రమ్ము వేరేది.

ఇంకో ముచ్చట. సీడ్ సీసాల పైన తేలిన నీళ్లు వడగట్టి పోస్తె ఈగ పిల్లలు చచ్చినయ్. అవే చల్లొచ్చా?

ప్లాస్మిడ్_అక్క · మంగళవారం సాయంత్రం 6:44

వద్దు! ఆ నీళ్లు ఎక్కడా చల్లొద్దు. కొన్ని బీటీ రకాలు పెరిగే దశలోనే బీటా-ఎక్సోటాక్సిన్ అనే వేరే విషాన్ని బయటికి వదులుతాయి. అది ప్రోటీన్ కాదు, ఉడకబెట్టినా చావదు, పురుగుకూ పశువుకూ తేడా చూడదు. ఈగ పిల్లల పరీక్ష దాన్ని పట్టుకోవడానికే వాడతారు. క్రై విషం లద్దెపురుగు కడుపులోని క్షారంలో, పీహెచ్ 10 దగ్గర కరిగి, అక్కడి ఎంజైములు 130 కిలోడాల్టన్ల ముడి ముక్కను 65 దగ్గరికి కత్తిరించాకే పనిచేస్తుంది. ఈగను చంపే పని కుర్‌స్టాకి క్రిస్టల్‌ది కాదు. ఆ సీసాలో ఏదో పరాయిది ఉంది, లేదా మీ రకమే మారింది. పిల్లలకు, కోళ్లకు అందకుండా పెట్టి, క్లోరిన్ నీళ్లు పోసి, గొయ్యి తీసి పూడ్చండి. ఆ సీడ్ మళ్లీ వాడొద్దు.

సిగ్మా_సార్ · మంగళవారం రాత్రి 9:10

ఒక సీసా చూసి మొత్తం పద్ధతినే కొట్టేస్తున్నారు. స్పోర్ల లెక్క దశాబ్దాలుగా వాడుతున్న ప్రమాణం. మీలాంటి వారు వచ్చి అది పనికిరాదు, ఇది పనికిరాదు అంటూ పోతే ఎవరు మిగులుతారు?

ప్లాస్మిడ్_అక్క · మంగళవారం రాత్రి 9:22

మీలాంటి వారు అంటే ఎవరు సార్? లెక్క తప్పని చూపించినవాళ్లా? అమెరికాలో స్పోర్ల లెక్కకూ పురుగు చావుకూ పొంతన కుదరకనే ప్రామాణిక పొడితో పోల్చి అంతర్జాతీయ యూనిట్లలో కొలవడం మొదలుపెట్టారు. హెచ్‌డీ-1-ఎస్-1980 పొడికి మిల్లీగ్రాముకు 16,000 యూనిట్లు అని పెట్టుకున్నారు. ఇది కొత్త మాట కాదు, మీరు పాఠం చెప్పిన రోజుల్లోనే ఉంది.

సిగ్మా_సార్ · మంగళవారం రాత్రి 9:35

పాఠం మాట తేవద్దు. నేను చెప్పిన సిగ్మా వరుసలో ఒక్క తప్పు చూపించండి ముందు.

మోడరేటర్ · మంగళవారం రాత్రి 9:41

ఇద్దరూ జర ఆగండి. జీన్ గురించి మాట్లాడండి, మనుషుల గురించి వద్దు.

పరకాల_ట్యాంకు · మంగళవారం రాత్రి 9:58

సార్, అక్కా, మీ ఇద్దరి కాళ్లకు దండం. ఒక్క మాట చెప్పుండ్రి. స్పోర్ల లెక్క సరిపోదు అనుకుందాం. గప్పుడు నేనేం చెయ్యాలె? ఇయ్యాల రైతులకు ఏం చెప్పాలె?

సిగ్మా_సార్ · మంగళవారం రాత్రి 10:20

అదే నా బాధ. అందుకే పట్టుపడుతున్నాను, వినండి. ప్రోటీన్లను విడదీసి చూసే జెల్ నడపాలి, ప్రామాణిక పొడి తెప్పించాలి, కృత్రిమ ఆహారం మీద పురుగులను పెంచాలి అంటే ఆ పని పెద్ద కంపెనీ ఒక్కటే చేయగలదు. 1968 పురుగుమందుల చట్టం ప్రకారం అమ్మడానికి తయారుచేసేవారికి రిజిస్ట్రేషన్ కావాలి, మంచిదే. కానీ ఊరి సంఘం తన చేనుకు తాను చేసుకునే 50 లీటర్లకు కూడా ఆ కొలత పెడితే రేపే ట్యాంకు మూతపడుతుంది. ఒక సంఘం బ్యాచ్‌ను పొటెన్సీ (పురుగును చంపే బలం) కాగితం లేదని తిప్పి పంపినప్పుడు ఆ కాగితం రాసిచ్చే చోటు జిల్లాలో ఎక్కడా దొరకలేదు. అగర్ ప్లేటు ఎవరైనా వేయగలరు, ఖర్చు వందల్లోనే అవుతుంది. స్పోర్ల లెక్కను నేను వదలనిది అందుకు. ప్లాస్మిడ్ పోతుందని నాకు తెలియక కాదు.

ప్లాస్మిడ్_అక్క · మంగళవారం రాత్రి 10:47

ఇది మొదటి రోజే చెప్తే ఇంత దూరం వచ్చేవాళ్లమే కాదు సార్. మీ భయం నిజమైనదే. నా భయం కూడా వినండి. 100 కోట్లు అని రాసిన డబ్బా చల్లి పురుగు చావకపోతే రైతు స్ట్రెయిన్‌ను తిట్టడు, బీటీ అంటేనే మోసం అంటాడు. మర్నాడు ఘాటు మందు డబ్బా తెచ్చి మూడుసార్లు కొడతాడు. సంఘం ట్యాంకు మూతపడేది అప్పుడు. తప్పుడు లెక్క ట్యాంకును కాపాడదు. జెల్ వద్దు, ఖరీదైనవేవీ వద్దు. కానీ స్పోర్ కాక విషాన్ని చూసే పరీక్ష ఒక్కటైనా ఉండాలి.

దాసరిపురుగు · బుధవారం ఉదయం 7:15

ఆ పరీక్ష ఆముదం చెట్టు కిందనే ఉంది. మీరిద్దరూ జెల్ దగ్గరే ఆగిపోయారు. దాసరి పురుగుకు కృత్రిమ ఆహారం అక్కర్లేదు, ఆముదం ఆకు చాలు. రాజేంద్రనగర్ నూనెగింజల సంస్థ వాళ్ల డీఓఆర్ బీటీ-1 రకం కూడా ఈ పురుగు మీద పనిచేసేదే.

చేసే పద్ధతి రాస్తున్నా. చేనులో గుడ్ల నుంచి వచ్చిన పిల్లలను ఆకు మీద పెంచి, రెండో దశకు వచ్చినవి తీసుకోవాలి. పెద్ద పురుగులు వద్దు, అవి తట్టుకుంటాయి. ద్రవాన్ని మంచినీళ్లలో ఐదు మోతాదులుగా పలచన చేయాలి, ఒక్కొక్కటి ముందుదానికి మూడో వంతు. ఆరోది వట్టి నీళ్లు. ప్రతి దాంట్లో ఆకు బిళ్లలు 10 సెకన్లు ముంచి, నీడన ఆరబెట్టి, డబ్బాలో తడి కాగితం మీద పెట్టాలి. డబ్బాకు 10 పురుగులు, మోతాదుకు మూడు డబ్బాలు. మొత్తం 180 పురుగులు. 24 గంటలకు కొత్త ఆకు, అదే మోతాదులో ముంచింది. 72 గంటలకు లెక్క.

వట్టి నీళ్ల డబ్బాల్లో 5 శాతం దాటి చస్తే ఎబట్ సూత్రంతో (మందు లేకున్నా చచ్చేవాటిని తీసేసే లెక్క) సవరించాలి, 20 శాతం దాటితే ఆ పరీక్షే పారేయాలి. చచ్చిన లెక్కతో పాటు ఎంత ఆకు తిన్నదీ చూడండి. బీటీ పడ్డ పురుగు చావకముందే తిండి మానేస్తుంది, 24 గంటలకే తేడా తెలుస్తుంది. ఫ్రిజ్‌లోని జనవరి స్లాంట్‌తో చేసిన ద్రవాన్ని పక్కన పెట్టి పోల్చండి, అదే మీ ప్రామాణిక పొడి.

ఫెర్మెంటర్_అన్న · బుధవారం ఉదయం 8:02

శభాష్. గిది కదా కావాల్సింది.

పరకాల_ట్యాంకు · గురువారం రాత్రి 9:15

మొదలు స్లైడ్లు చూసినం. హనుమకొండల ఒక కాలేజీల మైక్రోస్కోపు దొరికింది. ఎసిటిక్ ఆమ్లం 50 శాతం, అందుల కుమాసీ రంగు 0.133 శాతం, 3 నిమిషాలు పెట్టి కడిగినం, ఆయిల్ వేసి 100 లెన్సుల చూసినం. క్రిస్టల్ ముదురు నీలంగ, రెండు దిక్కుల మొన ఉన్న డైమండ్ తీరు కనబడ్డది. స్పోర్ రంగు పట్టలే, ఖాళీ గింజ తీరు ఉన్నది.

స్పోర్ ఉన్న కణాలు 200 లెక్కపెట్టినం. జూలై సీడ్‌ల 31 కణాలకే క్రిస్టల్ ఉన్నది. ఫ్రిజ్‌ల ఉన్న జనవరి స్లాంట్‌ల 188కి ఉన్నది. అక్క చెప్పినట్టే అయింది.

సిగ్మా_సార్ · గురువారం రాత్రి 9:50

లెక్క చూశాను. జూలై సీడ్ విషయంలో నేను చెప్పింది తప్పు. మిగిలిన 169 కణాల్లో సంకేతం వచ్చింది, జీన్ లేదు. అక్కయ్య గారు చెప్పినట్టే. అయితే ప్లేటు లెక్క తీసేయమంటే ఒప్పుకోను. పరాయి స్పోర్లు, పగిలిన బ్యాచ్, ఫేజ్ పట్టిన బ్యాచ్ ముందుగా పట్టిచ్చేది అదే. లేబుల్ మీద రెండూ రాయండి, ప్లేటు లెక్కా, ఆకు పరీక్షా.

ప్లాస్మిడ్_అక్క · గురువారం రాత్రి 10:05

రెండూ రాయండి, ఒప్పుకుంటా సార్. కానీ పైన పెద్ద అక్షరాల్లో ఆకు పరీక్ష ఉండాలి. రైతు చదివేది అదే.

పరకాల అన్నా, జనవరి స్లాంట్‌ను ఇప్పుడు కాపాడుకోండి. 80 డిగ్రీల వేడి 10 నిమిషాలు పెట్టి, ప్లేటు మీద పలచగా గీసి, 20 విడి కాలనీలు ఎంచండి. ఒక్కొక్కటి న్యూట్రియెంట్ అగర్ మీద 30 డిగ్రీల వద్ద మూడు రోజులు పెంచి కుమాసీ స్లైడు వేయండి. క్రిస్టల్ నిండుగా ఉన్న నాలుగైదు మాత్రమే ఉంచండి. వాటి స్పోర్లను శుభ్రమైన ఫిల్టర్ కాగితం ముక్కల మీద ఆరబెట్టి, సీసాలో మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. ప్రతి బ్యాచ్‌కు ఒక కొత్త ముక్క. సీడ్ నుంచి సీడ్ గీయొద్దు. షెడ్డులో అస్సలు పెట్టొద్దు. ఇంక్యుబేటర్ లేకపోతే నీళ్ల కుండ పక్కన పెట్టిన థర్మాకోల్ పెట్టె అయినా 30, 32 దగ్గర ఉంచుతుంది, థర్మామీటరు పెట్టి చూసుకోండి.

సిగ్మా_సార్ · గురువారం రాత్రి 10:18

పెద్ద అక్షరాల సంగతి సంఘం వాళ్లు తేల్చుకుంటారు. ఆకు పరీక్ష ప్రతి బ్యాచ్‌కా, నెలకొకసారా? ప్రతి బ్యాచ్‌కు 180 పురుగులు ఏడాది పొడుగునా దొరకవు.

దాసరిపురుగు · శుక్రవారం ఉదయం 6:40

కొత్త కాగితం ముక్క తీసిన ప్రతిసారీ స్లైడు, నెలకొకసారి ఆకు పరీక్ష. ఆముదం లేని నెలల్లో పొగాకు లద్దెపురుగు వాడొద్దు, అది కుర్‌స్టాకికి మొండిది, మంచి బ్యాచ్ కూడా చెడ్డగా కనిపిస్తుంది.

పరకాల_ట్యాంకు · శుక్రవారం రాత్రి 8:55

శనివారం జనవరి స్లాంట్‌తోని కొత్త బ్యాచ్ పెడుతున్న. సోయా నానబోసిన, మాంగనీస్ తెచ్చిన. ఆకు పరీక్షకు లేత ఆకు తీసుకోవాల్నా, ముదురుదా?

దాసరిపురుగు · శుక్రవారం రాత్రి 9:10

కొస నుంచి మూడోది, నాలుగోది. పదిహేను రోజులుగా ఏ మందూ పడని చెట్టుది. అన్ని డబ్బాలకూ ఒకే చెట్టు ఆకు.